ఎమ్మిగనూరు తువ్వాళ్ళకు నేను రాసిన మెయిళ్ళు

ఆదోనిలో ఒక ప్రైవేటు హైస్కూల్లో ఇరవై ఆరేళ్ళు ఇంగ్లీషు చెప్పాను. అందులో ఏడాదికి రెండు నెలలు ఉత్తరాలు రాయించడమే పని. సెలవు కోరుతూ హెడ్మాస్టరుకు, వీధి దీపాలు వెలగడం లేదని మునిసిపల్ కమిషనరుకు, పుస్తకాలు పంపమని బుక్ సెల్లరుకు. ఈ మూడూ వస్తే చాలు, పదో తరగతి పరీక్షలో ఒక ప్రశ్న గట్టెక్కినట్టే. మా వంశంలో మగవాళ్ళు మంత్రాలయం చుట్టుపక్కల గుళ్ళలో పూజలైనా చేశారు, బళ్ళలో పాఠాలైనా చెప్పారు. రెండు చోట్లా పని ఒకటే, పెద్దలు రాసిపెట్టినదాన్ని పొల్లుపోకుండా అప్పజెప్పడం. నేను బడి దారి పట్టాను. ఎడమవైపు 'ఫ్రం', దాని కింద 'టు', ఆ కింద 'రెస్పెక్టెడ్ సర్', చివర కుడివైపు 'యువర్స్ ఒబీడియంట్లీ'. ఆ చివరి మాట స్పెల్లింగు తప్పిన పిల్లల చేత పదేసిసార్లు రాయించేవాణ్ణి. ఇవాళ ఆదోని మార్కెట్ యార్డులో పత్తి వ్యాపారం చేసేవాళ్ళలో చాలామంది ఆ మాట నా దగ్గరే నేర్చుకున్నారు. వాళ్ళలో ఒక్కరైనా ఎవరికైనా విధేయుడిగా ఉన్నట్టు నాకు కనిపించలేదు, అది వేరే సంగతి.

రిటైరైన రెండో ఏట, ఒక ఆదివారం పొద్దున, ముప్పై దాటిన ఒకామె మా గుమ్మంలో నిలబడింది. చేతిలో పెద్ద గుడ్డ సంచి.

"సార్, బాగుండారా? నేను గుర్తుండానో లేదో. మీ దగ్గర పదో తరగతి. ఇంగ్లీషులో ముప్పైయారు వచ్చింటే మీరే అందరి ముందర సెప్పినారు, 'దేవుడు కూడా ఒక మార్కు వేసినాడు' అని."

ఆ మాట అన్నది గుర్తులేదు గానీ, అనే మనిషినే. ఆమెది ఎమ్మిగనూరు. చదువుకునే రోజుల్లో ఆదోనిలో మేనమామ ఇంట్లో ఉండేదట. పెళ్ళయ్యాక మళ్ళీ ఎమ్మిగనూరుకే, నేత నేసే ఇంటికే వెళ్ళింది. ఇంట్లో రెండు మగ్గాలు. ఒకటి భర్తది, ఒకటి అత్తది. ఈమె నూలుకు రంగులు అద్దుతుంది, తువ్వాళ్ళ అంచులు ముడేస్తుంది, ఆ మధ్యలో ఫోన్లో అంగడి నడుపుతుంది. అంగడి అంటే గోడలూ గల్లాపెట్టే ఉన్నది కాదు. ఫోటోలు పెట్టడం, అడిగినవాళ్ళకు పార్శిల్ పంపడం.

సంచిలోంచి నాలుగు తువ్వాళ్ళు తీసి నా ముందు పెట్టింది. గళ్ళవి, గరుకుగా, మంచి ఎండ వాసన వేస్తున్నాయి. ఆ పైన ఫోను పెట్టింది.

"బెంగళూరు నుంచి ఒకామె మెయిల్ పంపింది సార్. నాకు అర్థం అయితాది గాని, జవాబు రాయాలంటే సెయ్యి ఆడదు. మీరు రాసిస్తే మేలు."

చదివాను. 'హాయ్. మీ తువ్వాళ్ళు చూశాను. చిన్నవి నలభై చేయగలరా? ఎన్ని రోజులు? రంగుల ఫోటోలు పంపండి. థ్యాంక్స్.' ఇంతే. ఆ థ్యాంక్స్‌లో కూడా ఇంగ్లీషు అక్షరాలు సగం మింగేసింది.

"ఈమె చదువుకున్న మనిషేనా?" అని అడిగాను.

"మూడు అంగళ్ళు ఉండాయంట సార్."

అది నా ప్రశ్నకు జవాబు కాదనుకున్నాను. ఇప్పుడు ఆలోచిస్తే, అదే జవాబు.

తువ్వాళ్ళు ఇంట్లోనే వదిలి, నన్ను తన మెయిల్లోకి పోనిచ్చి, పాస్‌వర్డు ఒక కాగితం మీద రాసిచ్చి ఆమె బస్సెక్కింది. నేను రెండు రోజులు కూర్చున్నాను. మొదట చిత్తు, తర్వాత సాపు, ఆ తర్వాత కంప్యూటర్లో. 'గౌరవనీయులైన మేడం గారికి, మీ అమూల్యమైన లేఖ అందినదని వినయపూర్వకంగా తెలియజేసుకుంటున్నాను' అని మొదలుపెట్టి, తుంగభద్ర ఒడ్డున నేత వృత్తి ఎంత ప్రాచీనమో ఒక పేరా, నేతగాళ్ళ కష్టాలు ఒక పేరా, మేడం గారి దయార్ద్ర హృదయం గురించి ఒక పేరా రాశాను. ఆమె హృదయం నేను చూసింది లేదు. అయినా ఉత్తరమన్నాక ఆ పేరా ఉండాలి. సబ్జెక్టు గడి ఖాళీగా కనిపిస్తే దాన్నీ వదల్లేదు. 'అత్యవసరం: మీ దయతో కూడిన సహాయం కోరుతూ' అని నింపాను.

మా ఆవిడది రాయచూరు వైపు. ఏదైనా చూసి మాట్లాడకుండా ఉండటం ఆ వైపు ఆచారం కాదు. నా భుజం మీదుగా చదివి, "ఇది తువ్వాళ్ళకా, షష్టిపూర్తి శుభలేఖా?" అంది. తువ్వాళ్ళకేనన్నాను. "మరి తువ్వాళ్ళు ఏవీ ఇందులో?" అంది. వ్యాపార లేఖల సంప్రదాయం ఆమెకు తెలియదనుకుని, 'పంపు' అన్న చోట నొక్కాను.

నాలుగో రోజు ఎమ్మిగనూరు నుంచి ఫోను వచ్చింది.

"సార్, ఏమనుకోవద్దండి."

"ఏమైందమ్మా?"

"ఆ బెంగళూరామె నాకు ఫోన్ సేసింది సార్. మీ మెయిల్ను ఎవరో దొంగలు పట్టుకున్నట్టుండారు, అత్యవసరం, దయ, సహాయం అని ఏందో వచ్చింది, నేను తెరవకుండా తీసేసినా, మీరు పాస్‌వర్డు మార్చుకోండి అని సెప్పింది."

ఫోను ఇంకో చెవికి మార్చుకున్నాను.

"మరి నువ్వేమన్నావు?"

"మార్చుకుంటా అని సెప్పినా సార్. మీరు రాసినారని సెప్పలేదు."

ఆ ఒక్క మాటకు ఆమెకు నేను జీవితాంతం రుణపడి ఉంటాను. ఇరవై ఆరేళ్ళ అనుభవాన్ని మూడు అంగళ్ళున్న ఒక మనిషి దొంగల పనిగా గుర్తుపట్టిందన్న విషయం మా ఆవిడకు మాత్రం చెప్పలేదు. ఆమే కనుక్కుంది.

జవాబు అదే రోజు ఎమ్మిగనూరామె సొంతంగా రాసింది. తర్వాత నాకు చూపించింది. సబ్జెక్టు: 'నలభై తువ్వాళ్ళు, ఎమ్మిగనూరు'. కింద, నలభై చేస్తాం, పన్నెండు రోజులు, ఫోటోలు పెట్టాను, ఎర్ర రంగు మొదటి ఉతుకులో కొంచెం పోతుంది, ఉప్పు నీళ్ళలో నానబెడితే ఆగుతుంది. నాలుగు వాక్యాలు. అందులో నాలుగు గ్రామరు తప్పులు, వాక్యానికొకటి చొప్పున ఎవరో పంచిపెట్టినట్టు. గంటలో ఆర్డరు వచ్చిందట.

"రంగు పోతాదని నువ్వే ఎందుకు చెప్పావమ్మా?" అని అడిగాను.

"పోతాది కద సార్. ఉతికినాక ఆమే సూస్తాది. ముందే సెప్తే అది రంగు. తర్వాత తెలిస్తే మోసం."

మార్కులు వేసే అలవాటు చేతికి ఇంకా పోలేదు కాబట్టి, మనసులో ముప్పైయారును కొట్టేశాను. ఎంత వేయాలో తెలియక అక్కడ ఖాళీ వదిలేశాను.

అయితే గురువన్నవాడు ఒక దెబ్బకు ఊరుకోడు. మెయిళ్ళు రాయడం రాకపోతే పోయింది, ప్రచారంలో సాయం చేద్దామనుకున్నాను. తర్వాతి వారం ఎమ్మిగనూరు పోయి వాళ్ళ ఇంట్లో కూర్చున్నాను. లోపల రెండు మగ్గాలూ దబదబ కొడుతున్నాయి. నా దగ్గరున్న ఆలోచనలన్నీ చెప్పాను. కరపత్రాలు వేయించి పేపర్లలో పెట్టి పంచడం, ఆటోకు మైకు కట్టి నందవరం దాకా తిప్పడం, బస్టాండు గోడ మీద రాయించడం.

ఆమె శ్రద్ధగానే విన్నది. "నందవరంలో ఎవురు కొంటారు సార్? ఆడ అందరి ఇండ్లలో మా తువ్వాళ్ళే ఉండాయి, మా మామ కాలం నుంచి. కొనేటోళ్ళు యాడ ఉండారో ఆడికి ఆటో పోదు."

ఆమె ప్రచారం వేరే రకం. దానికి ఆమె ఏ పేరూ పెట్టుకోలేదు. ప్రతి తువ్వాలులో ఎలా ఉతకాలో, కింద ఫోను నంబరూ రాసిన చిన్న చీటీ, దానితో పాటు అదే తువ్వాలు నూలు మూరెడు. దారం లేచిపోతే కుట్టుకోవడానికట. వారానికి ఒకసారి పొద్దుటి ఎండలో మగ్గం మీది బట్ట ఫోటో. ఎవరు ఏమడిగినా ఆ రోజే జవాబు. తెలియకపోతే 'తెలియదు, రేపు కనుక్కుని చెప్తాను' అని జవాబు. మెయిలు చివర ప్రతిసారీ ఒకటే వరస: ఊరి పేరు, ఫోను నంబరు, 'ఆదివారం మగ్గం ఆగుతుంది'. విన్నవాళ్ళకు ఇందులో ఏముంది అనిపిస్తుంది. నాకూ అట్లాగే అనిపించింది. ఇంటికొచ్చేసి, దీనికి ఒక పెద్ద మనిషి చెయ్యి పడాల్సిందే అని నిశ్చయించుకున్నాను.

మా స్కూల్లో ఆమె చదివిన బ్యాచ్ వాళ్ళు అంతకు ముందు ఏడాదే ఒక కల్యాణ మండపంలో కలుసుకున్నారు. నాకు శాలువా కప్పి, అందరూ పేర్లూ ఫోన్లూ మెయిల్ అడ్రసులూ రాసిన పుస్తకం చేతికిచ్చారు. ఆ పుస్తకం తీశాను. దానికి తోడు, అప్పుడప్పుడూ నాకు పండగ శుభాకాంక్షలు పంపిన పాత విద్యార్థుల అడ్రసులూ వెతికాను. వందకు పైగా అయ్యాయి. మూడు రోజులు ఒక వేలితో టైపు చేశాను. అన్నీ ఒకే మెయిల్లో, పైన 'టు' అన్న చోట, ఒకదాని పక్కన ఒకటి. ఈసారి ఉత్తరం చిన్నదే రాశాను, పాఠం నేర్చుకున్నాను కదా. 'మీ తోటి విద్యార్థిని నేసే తువ్వాళ్ళు కొని ప్రోత్సహించండి' అని రెండు పేరాలు, ఆమె ఫోటోలున్న చోటికి లింకు. పంపి, ఆ సాయంత్రం చాలా తృప్తిగా వాకింగుకు పోయాను.

తిరిగొచ్చేసరికి ముప్పై జవాబులు. ప్రతి జవాబూ అందరికీ పోయింది. ఒకడు 'సార్ బాగున్నారా' అని రాస్తే వందమందీ నేను బాగున్నానో లేదో తెలుసుకోవడానికి కూర్చున్నారు. ఇంకొకడు ఎవరి బట్టతల గురించో రాశాడు. ఆ బట్టతల మనిషి సమాధానం ఇచ్చాడు. కృష్ణగిరి అతను వాళ్ళ పొలం అమ్మకానికి ఉందని పెట్టాడు. ఒకామె మరదలికి సంబంధం చూడమంది. రెండో రోజు ఒకడు 'నన్ను ఈ జాబితాలోంచి తీసేయండి' అని అందరికీ రాశాడు. 'నన్ను కూడా' అని ఇరవై మంది అందరికీ రాశారు. 'ఇట్లా అందరికీ రాయకండి' అని ఒకడు అందరికీ రాశాడు. వీటన్నిటి పైనా సబ్జెక్టు మాత్రం మారలేదు, 'ఎమ్మిగనూరు తువ్వాళ్ళు'. తువ్వాళ్ళ గురించి మొత్తం మీద ఒకే ఒక్కడు అడిగాడు, శాంపిల్‌గా ఒకటి ఊరికే ఇస్తారా అని.

హైదరాబాదులో ఆఫీసు ఉద్యోగం చేసే ఒక శిష్యుడు మాత్రం నాకొక్కడికే విడిగా రాశాడు. ఈసారి అడ్రసులు కనపడకుండా పంపే గడి ఉంటుంది సార్, అందులో పెట్టండి అని, ఎక్కడుందో బాణం గీసి మరీ చూపించాడు. మా స్కూలు ఆఫీసులో టైపు మిషను ఉండేటప్పుడు కార్బన్ కాగితం పెట్టి నకళ్ళు తీసేవాళ్ళం. ఆ గడి దాని మనవడట. ఒకరి నకలు ఇంకొకరికి తెలియకుండా పోతుంది. మంచి వాడివని మెచ్చుకున్నాను. జరిగినదాంట్లో నవ్వుకోవడానికి తప్ప ఇంకేమీ లేదని అప్పటికి నా నమ్మకం.

మూడో రోజు పొద్దున ఇంకొక మెయిలు వచ్చింది. అదీ నాకొక్కడికే. ఆ బ్యాచ్‌లోనే చదివిన మద్దికెర అమ్మాయి రాసింది. ఆమె కల్యాణ మండపానికి రాలేదు, పుస్తకంలో పేరు రాయలేదు. కానీ ఒక ఏడు గురుపూజ దినానికి నాకు నమస్కారం పెడుతూ మెయిల్ పంపింది. అట్లా ఆమె అడ్రసు నా దగ్గరికి వచ్చింది. అట్లాగే నేను పెట్టిన జాబితాలోకీ పోయింది.

'సార్, నమస్కారం. నా అడ్రసు మీకు ఇచ్చాను, అందరికీ కాదు. మన బ్యాచ్‌లో ఒకతను ఉన్నాడు. అతనికి దొరక్కూడదని నేను రెండుసార్లు ఫోను నంబరు మార్చుకున్నాను. ఊరు కూడా మారాను. మొన్నటి నుంచి అతని మెయిళ్ళు వస్తున్నాయి. ఇప్పటికి నాలుగు. మీకు తెలియాలని రాస్తున్నాను.'

కింద ఆ మనిషి పేరు. నాకు బాగా తెలిసిన పిల్లవాడే. ఇప్పుడు మార్కెట్ యార్డులో పెద్ద పేరున్న పత్తి వ్యాపారి. కల్యాణ మండపంలో నాకు శాలువా కప్పింది అతనే.

కాఫీ చల్లారిపోయింది. మా ఆవిడ ఏమైందని అడిగితే ఫోను ఆమె చేతికిచ్చాను. చదివి, తిరిగిచ్చి, చల్లారిన కాఫీ గ్లాసు తీసుకుని వంటింట్లోకి పోయింది. ఆమె ఏదైనా అని ఉంటే బాగుండేది.

నాకు రెండు పనులు తోచాయి. ఒకటి, క్షమాపణ రాయడం. రెండు, ఆ మనిషి దగ్గరికి పోయి గట్టిగా మాట్లాడటం. గురువు మాట తీసేయడనే నమ్మకం. ఒకటో పని రాసి ముగించి, రెండో పనికి ఇస్త్రీ చొక్కా వేసుకుంటుండగా ఎమ్మిగనూరామె వచ్చింది. నా మెయిల్ తనకూ పోయింది కాబట్టి ఈ గోల అంతా ఆమె చూస్తూనే ఉంది. ఇంక ఎవరికీ పంపొద్దని నాకు మెల్లగా చెప్పడానికి వచ్చిందట. సంగతి చెప్పాను. రాసిపెట్టిన క్షమాపణ చదవమన్నాను.

పేజీన్నర. నా ఉద్దేశం ఎంత మంచిదో, నాకు సాంకేతిక పరిజ్ఞానం ఎంత తక్కువో, నేతగాళ్ళ మీద నాకెంత అభిమానమో, ఈ సంఘటనతో నా రక్తపోటు ఎంత పెరిగిందో, అన్నీ ఉన్నాయి. ఆమె నిదానంగా చివరిదాకా చదివింది.

"సార్, ఒక మాట అంటా, ఏమనుకోవద్దండి. ఇందులో ఆ యమ్మ యాడుంది? అంతా మీరే ఉండారు."

నేను కాగితం తీసుకుని మళ్ళీ చదివాను. నిజమే. ఆమె పేరు మొదట్లో ఒకసారి ఉంది. తర్వాత ఎక్కడా లేదు.

"ఇంగొకటి. 'పొరపాటు జరిగింది' అని రాసినారు. అదంతట అదే జరగలేదు కద సార్. సేసినా అని రాయండి."

కర్మణి ప్రయోగం గురించి ఏటా వారం రోజులు చెప్పినవాణ్ణి. అది దేనికి పనికొస్తుందో ఎవరూ నాకు అంత సూటిగా చెప్పలేదు.

ఆమె పక్కన కూర్చుంది, నేను టైపు చేశాను. 'అమ్మా, తప్పు నేను చేశాను. నువ్వు నాకు ఇచ్చిన అడ్రసును నిన్ను అడగకుండా అందరికీ చూపించాను. దాన్ని వెనక్కి తీసుకోలేను. అతనితో నన్ను మాట్లాడమంటావా, వద్దా? నువ్వు ఎట్లా చెప్తే అట్లా చేస్తాను.' చివర నా పేరు. అంతకు మించి రాయకుండా చెయ్యి ఊరుకునేది కాదు గానీ, ఆమె పక్కన ఉంది కాబట్టి ఆగాను.

"నేను యార్డుకు పోయొస్తా," అన్నాను లేస్తూ.

"యాడికి సార్? ఇప్పుడే కద అడిగినారు, మాట్లాడల్లా వద్దా అని. ఆ యమ్మ సెప్పకముందే పోతే ఇంగ అడిగింది ఏంటికి?"

చొక్కా విప్పి మేకుకు తగిలించాను.

జవాబు సాయంత్రం వచ్చింది. 'మాట్లాడకండి సార్. మీరు మాట్లాడితే అతని మెయిళ్ళు నేను చదివానని అతనికి తెలుస్తుంది. ఈ అడ్రసు మూసేస్తున్నాను. బ్యాంకుకు, ఆఫీసుకు, పాప స్కూలుకు అన్నిచోట్లా కొత్తది ఇచ్చుకోవాలి, వారం పడుతుంది. కొత్తది మీకు ఇవ్వడం లేదు. కోపంతో కాదు. ఇంక ఎవరికీ ఇవ్వకూడదని అనుకున్నాను.'

దానికి జవాబు రాయాలని వారం రోజులు అనిపించింది. రాస్తే చేరే అడ్రసు లేదని తెలిసినా అనిపించింది. పుస్తకం బీరువాలో తాళం వేసి పెట్టాను. తర్వాత, ఆ బాణం గీసి చూపించిన గడిలో అడ్రసులన్నీ పెట్టి ఆఖరిసారి అందరికీ ఒక మెయిల్ పంపాను. 'అందరి అడ్రసులు బయటపెట్టి తప్పు చేశాను. ఆ పాత మెయిల్ తీసేయండి, దానికి జవాబులు రాయకండి, అందులోని అడ్రసులు వాడకండి.' గోల ఆగిపోయింది. ఎంతమంది తీసేశారో నాకు తెలియదు, తెలిసే దారీ లేదు.

నెల తర్వాత అనుకుంటా, మార్కెట్ యార్డు ముందర ఆ మనిషి ఎదురుపడ్డాడు. కారు ఆపి దిగి, రోడ్డు మీదే వంగి నా కాళ్ళకు దండం పెట్టాడు. భుజాల మీద పత్తి పీచు.

"మీ పుణ్యమా అని అందరం మళ్ళీ కలిసినాం సార్. ఎన్నాళ్ళ నుంచో కావలసినోళ్ళ అడ్రసులు దొరికినాయి," అన్నాడు నవ్వుతూ.

నోటి దాకా వచ్చింది. మాట్లాడకండి సార్ అన్న మాట గుర్తుచేసుకుని మింగాను. జీవితంలో ఎన్నో క్లాసులు తీసుకున్నాను, ఎందరినో నోరు మూసుకోమన్నాను. ఆ పని ఎంత కష్టమో నాకు ఆ రోడ్డు మీదే తెలిసింది. బస్సుకు టైమైందని చెప్పి వచ్చేశాను. నేను ఏ బస్సుకూ పోవడం లేదు.

ఎమ్మిగనూరు అంగడి మాత్రం నా సాయం ఆగిన దగ్గర నుంచి బాగా నడిచింది. బెంగళూరామె రెండు నెలలకొకసారి తెప్పించుకుంటోంది. ఆమె అంగట్లో కొన్నవాళ్ళు తువ్వాలులోని చీటీ మీది నంబరు చూసి నేరుగా అడగడం మొదలుపెట్టారు. అట్లా అడిగినవాళ్ళను మన ఎమ్మిగనూరామె ఏం చేసేదంటే, 'మీ ఊళ్ళోనే ఈ అంగట్లో దొరుకుతాయి' అని బెంగళూరామె దగ్గరికే తిప్పి పంపేది. నాకు అది వ్యాపారంలా కనిపించలేదు. చేతికొచ్చిన బేరం ఎవరైనా వదులుకుంటారా అన్నాను. "ఆ యమ్మ అంగట్లో పెట్టకపోతే వాళ్ళు మమ్మల్ని సూసేదే లేదు కద సార్," అంది. బెంగళూరామెకు ఈ సంగతి ఎట్లా తెలిసిందో తెలిసింది. మిగతా రెండు అంగళ్ళలోనూ ఎమ్మిగనూరు తువ్వాళ్ళు పెట్టింది.

దీపావళికి రెండు నెలల ముందు ఆమె నుంచి మెయిలు. ఒక కంపెనీ వాళ్ళు అందరికీ కానుకలు ఇస్తారట, నాలుగు వందల తువ్వాళ్ళు, నెల రోజుల్లో. ఆ మెయిలు పట్టుకుని ఎమ్మిగనూరామె మళ్ళీ మా ఇంటికి వచ్చింది. ఈసారి సంచి లేదు.

"మా రెండు మగ్గాల మీద నెలకు నూటిరవై దాటవు సార్. ఇంట్లో అందరూ ఒప్పుకో అంటాండారు. మా ఆడబిడ్డ మొగుడు మరమగ్గం సరుకు తెచ్చి కలిపేద్దాం, ఎవురికి తెలుస్తాది అంటాడు."

"నువ్వేమంటావు?"

"కలిపేది లేదు సార్. అది అయిపోయిన మాట. కాదు అని ఎట్ల రాయాలో అదే తెలీడంలే. కాదంటే మళ్ళీ అడగదేమో అని భయం. మా అత్త కూడా అదే అంటాది, వచ్చిన బేరం ఎవురైనా పొమ్మంటారా అని. మీరు ఉత్తరాలు సెప్పినోళ్ళు కద, అందుకని వచ్చినా."

నేను కుర్చీలో వెనక్కి వాలాను. సెలవు అడిగే ఉత్తరం చెప్పాను, దీపాలు అడిగే ఉత్తరం చెప్పాను, పుస్తకాలు అడిగే ఉత్తరం చెప్పాను. ఇరవై ఆరేళ్ళలో ఒక్కసారైనా, అడిగినదానికి కాదని చెప్పే ఉత్తరం ఎవరికీ నేర్పలేదు. సిలబస్‌లో లేదు. ఉన్నా, నాకు వచ్చేది కాదేమో.

"నాకు రాదమ్మా," అన్నాను.

ఆమె ఆశ్చర్యపోలేదు. అది నాకు కొంచెం బాధ కలిగించింది.

"అయితే ఇద్దరం సూద్దాం సార్," అంది.

'చింతిస్తున్నాము' అని మొదలుపెడదామన్నాను. ఆమె నా వైపు చూసింది. తీసేశాను. 'అనివార్య కారణాల వల్ల' అన్నాను. "అనివార్యం ఏముంది సార్, మగ్గాలు రెండే," అంది. అదీ పోయింది. కారణాలు పెద్దగా చెప్పుకుంటూ పోతే బతిమాలుతున్నట్టుంటుంది, ఏమీ చెప్పకపోతే విసుక్కున్నట్టుంటుంది. ఆ రెండింటి మధ్యా దారి వెతకడానికి గంట పట్టింది. మా ఆవిడ రెండుసార్లు మజ్జిగ తెచ్చింది. రెండోసారి అక్కడే నిలబడి, మీకు ఏమి కుదురుతుందో కూడా ఆమెకు చెప్పండి, ఉత్త కాదు అని ఎవరైనా పంపుతారా అంది. ముగ్గురం కలిసి ముగించాం.

'మమ్మల్ని అడిగినందుకు సంతోషం. నెలలో నాలుగు వందలు మా రెండు మగ్గాల మీద కావు. నూట ఇరవై అవుతాయి, అవి పదిహేనో తేదీకి పంపగలం. మిగతావి మరమగ్గంవి కలిపి ఇవ్వం. మొత్తం ఒకేచోట కావాలంటే వేరేచోట చూసుకోండి, మేమేమీ అనుకోం.'

గ్రామరు నేను సరిచూశాను. ఒక తప్పు ఉంటే దిద్దాను. ఆ మెయిల్లో నా వంతు అంతే.

ఆమె 'పంపు' నొక్కి, ఫోను ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. బస్సుకు టైము ఉంది. మా ఆవిడ ఎమ్మిగనూరులో ఉల్లిగడ్డలు ఎట్లా ఉన్నాయో అడిగింది, వాళ్ళ అత్త మోకాళ్ళ నొప్పుల గురించి అడిగింది. మధ్యలో ఫోను మోగింది. ఆమె మొదట లోలోపల చదువుకుని, తర్వాత మాకు చదివి వినిపించింది. 'అర్థమైంది. కంపెనీకి వేరేచోట తీసుకుంటాను. ఆ నూట ఇరవై మా అంగళ్ళకు పంపండి. థ్యాంక్స్.'

"పోయినాయి," అంది ఆమె. "రెండు వందల ఎనభై పోయినాయి."

"బాధగా ఉందా?" అని అడిగాను.

ఆలోచించింది. "ఉండాది సార్. కాని ఈ నెల మా అత్త మోకాళ్ళకు నిమ్మళం."

లేచి, చెప్పులు వేసుకుని, మా ఆవిడకు చెప్పి, ఎమ్మిగనూరు బస్సు కోసం నడిచింది. నేను గేటు దాకా పోయి, ఆమె వీధి మలుపు తిరిగేదాకా నిలబడి, లోపలికి వచ్చి కంప్యూటర్ ఆపేశాను.